రిహార్సల్ గవర్నరు

రాజమహేంద్రవరం శివార్లలో ఉన్న ఆ యూనివర్సిటీకి స్నాతకోత్సవం జరిగినప్పుడల్లా ఇద్దరు గవర్నర్లు వస్తారు. అసలు గవర్నరు గారు ముందూ వెనకా కార్లతో విజయవాడ నుంచి వస్తారు. రెండో గవర్నరు ముందు రోజే వస్తాడు, లాలాచెరువు దగ్గరి అద్దె గదిలోంచి షేర్ ఆటోలో. అతని పేరు తాతాజీ. పరీక్షల విభాగంలో అటెండరు.

గవర్నరు గారు కులపతి హోదాలో వచ్చే సభంటే మాటలు కాదు. ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక నడవాలి, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి, అన్నిటికీ పద్ధతుంది. తేడా వస్తే ఉద్యోగాలు ఊడకపోయినా పరువు ఊడుతుంది. అందుకే ముందు రోజు రిహార్సల్ పెడతారు. దానికో గవర్నరు కావాలి కదా. వీసీ గారు ఆ వేషం వెయ్యలేరు, ఆయన వేషం ఆయనకుంది. ప్రొఫెసర్లలో ఒకర్ని కూర్చోబెడితే మిగతావాళ్లు ఊరుకోరు. ఆరడుగుల ఎత్తు, తెల్లజుట్టు, నిదానమైన నడక ఉన్న తాతాజీ దగ్గర మాత్రం ఎవరికీ పేచీ రాలేదు. ఆ నడకలో ఉన్నది హుందాతనం కాదు, మోకాలి నొప్పి. దూరం నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి.

వేదిక మధ్యలో పెద్ద కుర్చీ. దానికి అటూ ఇటూ కావాలనే కాస్త ఖాళీ వదిలి మిగతా కుర్చీలు వేస్తారు. మొదటిసారి అందులో కూర్చున్నప్పుడు తాతాజీ ఊరుకోలేక పక్కకి ఒరిగి, “ఏసీ బాగా చల్లగా ఉందండి” అన్నాడు.

“మాట్లాడకూడదు తాతాజీ. గవర్నరు గారితో ఎవరూ ఊసులు చెప్పరు” అని రిజిస్ట్రారు గారు కసిరారు.

హాలంతా జనం, కుర్చీలో మనిషి మాత్రం ఒక్కడే. పాపం గవర్నరు గారు అనుకున్నాడు తాతాజీ. మరుక్షణం, నాకు రోజూ ఇంతేగా అనుకున్నాడు. గది తాళం తీస్తే లోపల్నుంచి పలకరించే నాథుడు లేడు. కూర చెయ్యడానికి బద్ధకించి పెరుగన్నంతో సరిపెట్టుకున్న రాత్రులే ఎక్కువ. ఆఫీసులో ఎవరైనా “ఇంట్లో ఎవరెవరుంటారండీ?” అనడిగితే “ఎవరూ లేరండి” అనేవాడు. నిజమే కదా, ఇంట్లో ఎవరూ లేరు.

అయితే రావులపాలెంలో ఒక కూతురుంది.

భార్య సత్యలక్ష్మి విషజ్వరంతో పోయేనాటికి హారతి ఒకటో తరగతి. తాతాజీకి అన్నం వండటం సరిగా రాదు, జడ వెయ్యడం అసలే రాదు. “ఒక్క నెల ఉంచుకోండి వదినా” అని పిల్లని భార్య అక్క శ్యామలాంబ చేతిలో పెట్టాడు. ఆవిడ భర్తకి రావులపాలెం మార్కెట్లో అరటి వ్యాపారం, వాళ్లకి పిల్లల్లేరు. నెల కాస్తా ఏళ్లైంది. హారతి ఎనిమిదో తరగతిలోకి వచ్చాక తాతాజీ కొత్త గౌను కొనుక్కుని తీసుకొచ్చేద్దామని వెళ్లాడు. ఆ పిల్ల పెదనాన్న కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడి, “ఈయనతో నేను వెళ్లను పెద్దమ్మా” అంది.

‘ఈయన’ట! అంత మనిషీ పిల్ల మీద అలిగాడు. కొత్త చోటంటే ఏ పిల్లకైనా భయమే కదా, పై వారం మళ్లీ వెళ్లుంటే సరిపోయేది. వెళ్లలేదు. అలక ముదిరి సిగ్గయింది. ఇన్నాళ్లకి ఏ మొహం పెట్టుకుని వెళ్లనని కూర్చున్నాడు. వాళ్లైనా కబురు పెట్టారా అంటే, అదీ లేదు.

ఈ ఏడు రిహార్సల్ కోసం ఉత్తుత్తి పతకాలు సిద్ధం చేస్తూ తాతాజీ జాబితాలో హారతి పేరు చూశాడు. ఇంటిపేరు తనదే, ఊరు రావులపాలెం. కాలేజీ కోనసీమలోది. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రంలో బంగారు పతకం. రేపు రిహార్సల్‌లో ఆ పిల్ల తన ఎదురుగా వచ్చి నిలబడి తీరాలి. ఏ కుర్చీ వెనకా దాక్కోవడానికి ఉండదు. పతకం మెడలో వేసేది తనే. ఆ ఒక్క నిమిషంలో పలకరించాలి, ఈ జన్మకి మళ్లీ ఇలాంటి వీలు రాదు.

ఉత్తుత్తి పతకాలంటే స్టీలు బిళ్లలకి రిబ్బన్లు కట్టినవి, ఒక్కో శాఖకి ఒక్కో రంగు. వృక్షశాస్త్రానిది ఆకుపచ్చ. రిహార్సల్ అయ్యాక పిల్లలు వాటిని మెట్ల కింద డబ్బాలో వేసి పోవాలి. తాతాజీ ఆకుపచ్చ రిబ్బన్‌ని ఇస్త్రీ చేయించాడు. గడ్డం గీయించుకున్నాడు. “బాగున్నావా అమ్మా” అని అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాడు. అదేమంత కష్టమైన మాట కాదు.

రిహార్సల్‌లో సూపరింటెండెంట్ ఉదయభాస్కర్ మైకులో ఒక్కో పేరే పిలుస్తున్నాడు. “హారతి, వృక్షశాస్త్రం!”

వచ్చింది. అచ్చు సత్యలక్ష్మి నుదురు. వేదిక ఎక్కి తలెత్తి చూసింది, ఆ చూపు అతని మొహం మీద ఆగిపోయింది. పోల్చుకుంది, సందేహం లేదు. తాతాజీ లేచాడు. పళ్లెంలోంచి పతకం తీసి ఆమె మెడలో వేశాడు. అద్దం ముందు వల్లించిన మాట గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం ఏటా పతకం వేస్తూ అందరికీ చెప్పే అలవాటైన మాటే ఊడిపడింది.

“కంగ్రాచ్యులేషన్స్.”

ఆమె చేతులు జోడించింది. “థాంక్యూ సర్.”

“ఇద్దరూ కెమెరా వైపు చూడాలండీ!” అని ఉదయభాస్కర్ అరిచాడు. ఇద్దరూ చూశారు. అక్కడ కెమెరా లేదు, దాని చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. కాసేపు ఆ ఖాళీ కుర్చీ వైపు పక్కపక్కనే చూస్తూ నిలబడ్డారు. తర్వాత హారతి అవతలి మెట్లు దిగి వెళ్లిపోయింది. తాతాజీకి ఏడుపొచ్చింది. ఇంకా బోలెడు పేర్లున్నాయి, అన్నిటికీ లేచి నిలబడ్డాడు.

అంతా అయ్యాక ఉదయభాస్కర్ డబ్బా చూసి, “ఆకుపచ్చది లేదేంటండీ తాతాజీ గారూ? మీరే కదా చూసుకోవాలి! రాత్రికల్లా వెతికి పెట్టండి” అని విసుక్కున్నాడు. తాతాజీ కుర్చీల కిందా, మెట్ల కిందా వంగి వంగి వెతికాడు. దొరకలేదు. ఎక్కడో జారిపడి ఉంటుందిలే అనుకున్నాడు. వేరేలా అనుకోవడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు అసలు గవర్నరు గారు వచ్చారు. జనగణమన అయింది. పెద్దాయన పెద్ద కుర్చీలో కూర్చున్నారు, ఎవరూ ఊసులు చెప్పలేదు. మంచినీళ్ల సీసాలతో పక్క గుమ్మంలో నిలబడ్డ తాతాజీకి ఆయన్ని చూస్తే జాలేసింది. హారతి వచ్చింది. గవర్నరు గారు అసలు పతకం మెడలో వేశారు. ఆమె నమస్కారం పెట్టడానికి చేతులెత్తింది. ఎడమ మణికట్టుకి ఆకుపచ్చ రిబ్బన్ చుట్టి ఉంది. స్టీలు బిళ్ల తళుక్కుమంది.

తాతాజీ సీసాలు కింద పెట్టేసి గోడ పట్టుకున్నాడు.

సభ అయ్యాక షామియానా కింద శ్యామలాంబా, ఆవిడ భర్తా హారతికి అటూ ఇటూ నిలబడ్డారు. తాతాజీ మోకాలు ఈడ్చుకుంటూ దగ్గరిదాకా వెళ్లాడు. ఫొటోగ్రాఫరు చెయ్యి ఊపుతూ, “ఫ్యామిలీ వాళ్లే ఉండండి, మిగతావాళ్లు పక్కకి రండి” అన్నాడు. తాతాజీ పక్కకి జరిగాడు. జరగడం అతనికి బాగా అలవాటే.

అంతలో వెనకనుంచి ఉదయభాస్కర్ వచ్చాడు. “ఏమండీ, ఆ ఆకుపచ్చ మెడల్ దొరికిందా?”

“దొరికిందండి.”

“ఏదీ మరి?”

“మా అమ్మాయి దగ్గరుందండి.”

ఉదయభాస్కర్ తెల్లబోయాడు. “మీకు అమ్మాయుందా? ఎవరూ లేరంటారుగా ఎప్పుడడిగినా!”

“ఉందండి” అన్నాడు తాతాజీ. ఆ మాట షామియానా అంతా వినపడేలా వచ్చింది. ఫొటోగ్రాఫరు “ఇటు చూడమ్మా, ఇటు” అంటున్నా వినకుండా హారతి తాతాజీ వైపు తిరిగింది.