పాపక్క ముడి

నగర్తపేటలో నూలుకు రంగులు వేసే పాపక్క ఎవరినీ నమ్మదు. తమ నూలు మారిపోయిందని రేపెవరూ తగవుకు రాకుండా, ప్రతి నూలు చిలపకూ తన ముడి వేశాకే రంగు కాగులో ముంచేది.

1946లో ఆమె మొగుడు గురప్పకు తలనొప్పి పట్టుకుంది, మెడ కర్రలా బిగుసుకుంది. ఆస్పత్రిలో మెదడు క్షయ అన్నారు. రెండుసార్లు వెన్నులోంచి నీళ్లు తీసినా ఆ క్రిమి దొరకలేదు. పాపక్కకు అనుమానం వచ్చింది. పదిమంది సీసాలూ ఒకే పళ్లెంలో పోతున్నాయి, ఎవరివి ఎవరికి అంటగడుతున్నారో! మూడోసారి నీళ్లు తీశాక నర్సు అటు తిరగ్గానే, గురప్ప సీసా మెడకు ఎర్రదారంతో తన ముడి వేసింది.

రెండ్రోజులకు డాక్టరు పిలిచాడు.

"క్షయ కాదమ్మా. మెదడునూ వెన్నునూ చుట్టుకున్న పొరల్లో క్యాన్సరు. చాలా అరుదు, తొందరగా పాకుతుంది. దాని నల్లటి కణాలు ఈ నీళ్లలో కనిపించాయి."

"ఎవురి నీళ్లు చూసి చెప్తాండారప్పా? మా ఇంటాయనవి తేటగా ఉన్నాయి, నేను చూసినా. ఆ సీసా తెప్పీండి."

డాక్టరు కోప్పడకుండా తెప్పించాడు. తేటనీళ్ల అడుగున, కాగులో మడ్డిలా, సన్నటి నలుపు దిగి ఉంది. మెడకు ఎర్రదారం. పాపక్క ఆ ముడిని వేలితో మళ్లీ మళ్లీ తడిమింది. అది ఇంకెవరికీ వేయడం రాదు.