స్విచ్ ఆపేసిన బోటు

దయ్యాలూ గియ్యాలూ అంటే నవ్వేసే మనిషిని నేను. కాకినాడ హార్బరులో బోట్లకు రేడియోలు, సిగ్నల్ పెట్టెలు బిగించడం నా పని. పెట్టె పలకలేదంటే వైరైనా తెగి ఉండాలి, ఉప్పైనా పట్టి ఉండాలి. అంతకు మించి ఇంకేమీ ఉండదని ఇన్నేళ్లూ నమ్మాను.

బోటు పేరేంటో, నంబరేంటో, ఎక్కడుందో, ఎటు పోతోందో చుట్టుపక్కల ఓడలకు ఆ సిగ్నల్ పెట్టె దానంతటదే చెబుతుంది. మంచులో కూడా పెద్ద ఓడ తెలుసుకుని తప్పుకుంటుంది. ఫోన్లో మ్యాప్ తెరిస్తే మనకీ చుక్కలా కనిపిస్తుంది. చిక్కల్లా ఒకటే, చేపలు పడే చోటు పక్క బోట్లవాళ్లకీ తెలిసిపోతుంది. అందుకని మావాళ్లు చాటుగా స్విచ్ పెట్టించుకుంటారు.

మా చెల్లెలు సత్యవతి భర్త నూకరాజూ అదే అడిగాడు.

"వల వేసే ముందు ఆపేసి, లాగాక మళ్లీ వేసేత్తాను బావా. నీ చెల్లికి చెప్పకు, బెంగెట్టుకుంటది."

పెట్టాను. నా చేతులు పడిపోను, నేనే పెట్టాను.

పోయిన చలికాలం, తోడు వెళ్లేవాడికి జ్వరమొస్తే ఒక్కడే వెళ్లాడు. మంచు దట్టంగా ఉంది. పొద్దున్నే అతని చుక్క ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. ఏదో ఓడ గుద్దేసిందన్నారు. నాలుగు రోజులు వెతికితే రెండు చెక్కలు దొరికాయి. మనిషి దొరకలేదు.

నెల తర్వాత ఆ పెట్టె ఎవరి వలలోనో పడి నా బల్ల మీదికొచ్చింది. లోపలంతా ఉప్పునీరు, బురద. స్విచ్ ఆపేసే ఉంది. దాని ముందు కూర్చుని ఏడుస్తుంటే సత్యవతి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మ్యాప్ చూడు. ఆయన వచ్చేత్తన్నారు!"

చూశాను. అదే బోటు పేరు, అదే నంబరు. చుక్క మెల్లగా వాళ్ల ఊరు ఉప్పాడ వైపు వస్తోంది. పెట్టేమో నా ఎదురుగా, వైరు ముక్క కూడా లేకుండా ఉంది.

బోటు వేసుకుని వెళ్లాం. చుక్క ఆగినచోట నీళ్లు తప్ప ఏమీ లేవు. కానీ ఆ చోటు నాకు తెలుసు. సముద్రం తినేయక ముందు, వాళ్లిద్దరూ కాపురం పెట్టిన ఇల్లు అక్కడే ఉండేది.

ఆ నంబరు ఇంకెవరికైనా ఇచ్చారేమోనని బోట్లకు నంబర్లిచ్చే ఆఫీసులో అడిగాను. లేదన్నారు.

ఇప్పటికీ మంచు పట్టిన రోజున ఆ చుక్క వచ్చి అక్కడే ఆగుతుంది. సత్యవతి బొట్టు తీయలేదు. ఫోన్ పట్టుకుని ఒడ్డున కూర్చుంటుంది. మొన్న నన్నడిగింది.

"ఇంత బాగా కనబడతన్నారు కదా అన్నయ్యా, ఆ రోజు ఓడవాళ్లకెందుకు కనబడలేదు?"

ఆ చుక్క ఎలా వస్తోందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం తెలుసు. ఇంతవరకూ చెప్పలేకపోయాను.