పానా పట్టకముందు అడిగే అక్క

అశ్వారావుపేట దగ్గర టీకి ఆపిన మా సారు స్పోర్ట్స్ కారు మళ్లీ స్టార్ట్ కాలేదు. నేను ఆయన డ్రైవర్ని, బండిలో ఒక్కడినే ఉన్నాను. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ట్రాక్టర్లకు వైరింగ్ చేసే ఒక అక్క వచ్చింది. ఏ బండికైనా పానా పట్టకముందు మనిషిని అడగడం ఆమె అలవాటు.

"ఈడికి వచ్చేముందు ఏమైంది తమ్మీ?"

"ఏం కాలేదక్కా."

ఆమె చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. చివరికి చెప్పేశాను.

"స్పీడ్ బ్రేకర్ చూడలే అక్కా. బండి ఎగిరిపడ్డది."

"అవ్, గట్ల చెప్పు మరి!"

ఆ కారుకు బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుంది. కుదుపుకు దాని వైరు వదులైంది. ఆమె బిగించగానే ఇంజన్ గర్జించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కింద దెబ్బ తగిలిందేమో చూపియ్యాలె. మీ సారుకు గూడ దాచకు," అంది.

అక్కడి నుంచే ఫోన్ చేసి సారుకు చెప్పాను.

"నీకేం కాలేదు గదా?" అన్నారాయన.