రంగు మారని నీళ్ళు

దీవి రేవుపేట హాడోలో చేపల వల మీద బతికే దానయ్య కూతురు ఎరుకమ్మ 1974లో నీటి సరఫరా ఆఫీసులో నీళ్ళు పరీక్షించే ఉద్యోగంలో చేరింది. అక్కడ ఆడమనిషి ఆమె ఒక్కతే. ఏడాది ప్రొబేషన్. ఆడపిల్ల ట్యాంకు ఎక్కలేదని, కూర్చుని చేసే పని చాలని మగవాళ్ళే తేల్చేశారు. ఫిట్టరు సూరయ్య డాలీగంజ్ గుట్ట మీది ట్యాంకెక్కి బ్లీచింగ్ పౌడరు కలిపి, సీసాతో నీళ్ళు తెచ్చేవాడు. ఆమె అందులో మందు చుక్క వేసేది. నీళ్ళు పసుపు రంగుకు తిరిగితే పౌడరు సరిపోయినట్టు. రిజిస్టరులో సంతకం పెట్టేది.

ఆమె చేరిన పదో నెలలో డాలీగంజ్‌లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. సూరయ్య తెచ్చిన సీసా మాత్రం ఎప్పటిలాగే పసుపు. అనుమానం వచ్చి ఆమె ఆ వీధి కుళాయి నీళ్ళు పట్టి చుక్క వేసింది. రంగు మారలేదు. తనకే పని రాదేమోనని మళ్ళీ వేసింది. మారలేదు.

మర్నాడు పొద్దున్నే, వానలో, చీర బిగించి ట్యాంకు ఇనప నిచ్చెన పట్టుకుంది. సగంలో కాలు జారింది. మెట్టుకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. దిగిపోదామంటే దిగడానికీ భయమే. ఎలాగో పైకి చేరి, మూలన విరిగిన మూత తీసింది. కుళ్ళు వాసన. నీళ్ళ మీద చచ్చిన గబ్బిలాలు తేలుతున్నాయి.

దిగేసరికి కింద సూరయ్య ఉన్నాడు. మూడు వారాలుగా మోకాళ్ళు వంగడం లేదని, తెలిస్తే ఉద్యోగం తీసేస్తారని, ఆఫీసు కుళాయి నీళ్ళలోనే చిటికెడు పౌడరు కలిపి తెస్తున్నానని ఒప్పుకున్నాడు.

“పసుపనే రాసీ, బేటీ. ట్యాంకు నాను కడిగించీసుకుంటాను. నువ్వు నిజం రాసినా, ఆడపిల్లకి రంగు తెల్దంటారు. నన్నెవలూ ఏటీ అనరు.”

అది నిజమేనని ఆమెకు తెలుసు. మూడు వారాల సంతకాలూ తనవే. అయినా ఎవరినీ అడక్కుండా వాల్వు తిప్పి నీళ్ళు ఆపేసింది. ఆఫీసుకు వెళ్ళి అంతా కాగితం మీద పెట్టింది.

ఇంజనీరు ఆ ట్యాంకు నీళ్ళు తెప్పించి నలుగురి ముందూ పరీక్ష చేయమన్నాడు. మొదటి చుక్క బల్ల మీద పడింది. ఎవరో నవ్వారు. రెండోది సీసాలో పడింది. అందరూ వంగి చూశారు. నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నీ తప్పు కూడా ఎందుకు రాశావని ఇంజనీరు హిందీలో అడిగాడు.

“సంతకాలు నావే, సాబ్. ఎక్కి చూడకుండా పెట్టేను.”

ట్యాంకు కడిగారు. సూరయ్యను స్టోరులో కూర్చోబెట్టారు. ఎరుకమ్మకు మెమో ఇచ్చి ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు కోలుకుని ఇళ్ళకు వచ్చారు, ఆ వీధి ముసలమ్మ గురమ్మ తప్ప. తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆమె పనిని ఎవరూ శంకించలేదు. కానీ డాలీగంజ్ వీధిలో వెనకనుంచి ఎవరైనా “దీదీ” అని పిలిస్తే, గురమ్మ మనుషులేమోనని తిరిగి చూసేది కాదు.