ఒక చక్రం ఎక్కినప్పుడే

మా బావగారిని తెల్లచొక్కాతో కారు కింద పడుకోబెట్టాలని నెల రోజుల ముందే నిర్ణయించుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

బావగారంటే మా ఆయన అన్నగారు. విజయవాడ గవర్నర్‌పేటలో వ్యాపారం, సంఘంలో పెద్దరికం, ఎవరింట్లో ప్రార్థన జరిగినా ముందువరస కుర్చీ. కొత్త కారు కొనుక్కుంటూ తన పాత కారు మాకు అమ్మారు. తాళం నా చేతిలో పెట్టి, "పువ్వులా చూసుకున్నానమ్మా. జాగ్రత్త" అన్నారు. పాస్టర్‌గారు బోనెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఆ కారు నా కోసమే కొన్నాం. మాది చల్లపల్లి. కూచిపూడి దాటాక లోపలికి ఉన్న హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. పద్నాలుగేళ్ళు షేర్ ఆటోల్లో ఒంటి తుంటి మీద కూర్చుని వెళ్ళినదాన్ని, నలభై నాలుగో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. మొదటి రెండు నెలలూ కాలవగట్టు మీద కారు నడుపుకుంటూ వెళుతుంటే, నా బతుక్కి నేనే యజమానిని అనిపించేది.

మూడో నెలలో ముందు ఎడమ వైపునుంచి చప్పుడు మొదలైంది. టక్. గోతిలో దిగినప్పుడు ఒకటి, ఎక్కినప్పుడు ఇంకొకటి. మా ఆయనకు చెప్తే ఆయన హైవే మీద ఓ రౌండు తిప్పుకొచ్చి ఏమీ లేదన్నారు. నేను నడిపితే వస్తుంది, ఆయన నడిపితే రాదు. బావగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఇంట్లో అప్పుడు చుట్టాలు కూడా ఉన్నారు.

"నా దగ్గర నాలుగేళ్ళుంది, చిన్న చప్పుడు రాలేదురా. ఆడవాళ్ళు గుంట చూసుకోరు, ఎక్కించేస్తారు. ముందు ఆ తాళం నువ్వు తీసుకో" అన్నారు బావగారు.

మా ఆయన తీసుకున్నారు. చొక్కా జేబులో వేసుకుని, "కొన్నాళ్ళు నువ్వు తియ్యకు" అన్నారు. మర్నాటినుంచి ఆయన కార్లో ఆఫీసుకి, నేను మళ్ళీ ఆటోలో బడికి. బంధువుల్లో ఎవరు కనపడినా "బండి పాడుచేశావంటగా" అని పలకరింపు. నాకు అన్నం సహించేది కాదు. కోపం మాత్రం బాగా అరిగేది.

నేను సైన్స్ చెప్పి బతికేదాన్ని. ఒకరికి వినిపించి ఇంకొకరికి వినిపించకపోతే, తేడా మనుషుల్లో కాదు, పరిస్థితుల్లో ఉండాలి. ఆదివారాలు ఆరాధనకి మా చర్చి గుడికి వెళ్ళేటప్పుడు పక్క సీట్లో కూర్చుని కనిపెట్టడం మొదలుపెట్టాను, ఇంటికొచ్చి పాత రికార్డు పుస్తకంలో రాసేదాన్ని. కారు ఆగి ఉండగా స్టీరింగ్ ఇటూ అటూ తిప్పితే చప్పుడు లేదు. బ్రేకు వేస్తే లేదు. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కితే లేదు. గుడి గేటు దగ్గర మురుగుకాలవ మీది బండరాయి మీద ఎడమ చక్రం ఒక్కటే ఎక్కుతుంది. అక్కడ మాత్రం, ప్రతి ఆదివారం, టక్. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మా ఆయన ఏదో ఒక మాట అందుకునేవారు.

ఆయన ఆఫీసు పని మీద రైల్లో వెళ్ళిన రోజున బడికి సెలవు పెట్టి, బీరువాలో ఉన్న రెండో తాళం తీసి, కారు విజయవాడ ఆటోనగర్‌కి తోలుకెళ్ళాను. అక్కడి మెకానిక్ పెద్దాయన ఒకరు గుంత మీద కారు నిలబెట్టించి, కింద దిగి టార్చి వేసి చూశారు. నేను రాసుకున్నది చదివి వినిపించాను.

"కరెక్టుగా పట్టుకున్నారమ్మా. రెండు చక్రాల్నీ కలుపుతా ఒక కడ్డీ ఉంటది. రెండూ ఒకేసారి లేస్తే దానికి పనిలేదు. ఒకటే లేస్తే మెలితిరుగుద్ది. దాన్ని పట్టుకునే రబ్బరు బుష్‌లు అరిగిపోయినయ్యి. అందుకే కొట్టుకుంటంది" అన్నారు. తర్వాత వేలితో లోపలినుంచి నల్లటి పీలిక కొస ఒకటి లాగి చూపించారు. "ఇదేంటో చూడండి. సైకిల్ ట్యూబు. కోసి చుట్టారు. రెండు నెలలు చప్పుడు రాకుండా ఆగుద్ది. బండి అమ్మేసేవాళ్ళు చేయించే పని ఇది. కొత్తవి వేసెయ్యమంటారా?"

"వద్దండీ. ఎలా ఉన్నది అలాగే ఉంచండి."

ఆయన నా మొహం చూశారు. "నిదానంగా నడిపితే ప్రమాదమేం లేదులెండి" అని మాత్రం అన్నారు. కొత్త బుష్‌లు రెండు కొని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. దారి పొడుగునా ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను.

నెల తర్వాత మా అత్తగారి జ్ఞాపకార్థ కూటం మా ఇంట్లోనే జరిగింది. చుట్టాలందరూ వచ్చారు. పాస్టర్‌గారు ఆ రోజు క్షమాపణ గురించి చెప్పారు. నేను ఇటుక ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

భోజనాలయ్యాక అందరూ వాకిట్లో కూర్చున్నారు. "బావగారూ, ఈ కారు మీ చేతిలో చప్పుడు చెయ్యదంటగా. ఒక్కసారి నడిపి చూపించండి, నేర్చుకుంటాను" అన్నాను. ఆయన సంతోషంగా ఎక్కారు. గేటు దగ్గరి గట్టు మీంచి తిన్నగా దాటించారు. చప్పుడు లేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఎడమ చక్రం ముందు ఒక ఇటుక పెట్టాను.

"ఇప్పుడు కూడా ఎక్కించండి."

టక్. దిగేటప్పుడు ఇంకోసారి. నవ్వులు ఆగాయి. హ్యాండ్ బ్రేక్ వేయించి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, కూటానికి పరిచిన పట్టా తెచ్చి కారు పక్కన వేశాను. "మీకు తెలిసిన బండి కదండీ. చెయ్యి పెట్టి చూడండి, నేను పైనుంచి ఊపుతాను."

అంతమందిలో కాదనలేకపోయారు. తెల్లచొక్కాతో పడుకుని, ఎడమ చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చారు. నేను బోనెట్ అంచు పట్టుకుని బలంగా ఊపాను. అవసరమైన దానికంటే ఎక్కువసేపు ఊపాను. "అక్కడ వేలికి రబ్బరు పీలిక తగులుతుంది, లాగండి" అన్నాను. ఆయన లాగారు. మట్టీ గ్రీజూ పట్టిన సైకిల్ ట్యూబు ముక్క చేతిలో పట్టుకుని లేచి కూర్చున్నారు. ఇది ఎవరు చుట్టించారో చెప్పమని అందరి ముందూ అడిగాను.

నేను కోరుకున్నది అదే. ఆ మొహం చూడటానికే నెల రోజులు ఆ చప్పుడు భరించాను. చాలా హాయిగా ఉంది.

"నన్నొక్కణ్ణే అంటావేంటమ్మా" అన్నారు బావగారు, మా ఆయన వైపు చూస్తూ. "ట్యూబు సంగతి వీడికి బండి ఇచ్చిన రోజే చెప్పాను. తర్వాత బుష్ మార్పించుకోరా అన్నాను గూడా."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన తల ఎత్తలేదు.

"నీకు చెబితే ఊరుకోవు గదా. అందరికీ చెబుతావు. అన్నయ్య పరువు పోద్దని..." అన్నారు.

అంటే నా పరువు ఫర్వాలేదు. మూడు నెలలు ప్రతి పొద్దునా నన్ను ఆటో ఎక్కించి, చెయ్యి ఊపి, ఆ తాళం జేబులో వేసుకుని వెళ్ళిన మనిషికి అంతా తెలుసు.

బావగారికి నేనే తువ్వాలు, సబ్బు తెచ్చి ఇచ్చాను. ఆయన మీద నాకు కోపం అక్కడే పోయింది. బండి అమ్ముకునేవాడు అబద్ధమాడాడు, అంతే. తర్వాత మా ఆయన ముందు చెయ్యి చాపి నిలబడ్డాను. అందరూ చూస్తుండగా జేబులోంచి తాళం తీసి ఇచ్చారు.

బుష్‌లు మర్నాడే వేయించాను. ఇప్పుడు కారు నాది, బస్సు ఆయనది. మొన్న పొద్దున పెద్ద వాన. బస్టాండు బయట గొడుగు లేకుండా నిలబడి ఉన్నారు. నన్ను చూసి చెయ్యెత్తారు. ఆయన ఆఫీసు దాకా దింపి వచ్చినా బడికి టైముకే అందుతాను. కారు నెమ్మది చేశాను. అద్దం దించి, ఆయన ఊపినట్టే చెయ్యి ఊపి, వెళ్ళిపోయాను.