గ్రేసమ్మ టీచర్ అడిగిన పాత జత

కారు డిక్కీ తెరవగానే ముందు ఆ వాసనే వస్తుంది. కొత్త తోలు, జిగురు, పెట్టెలో చుట్టి ఉంచిన పలుచటి కాగితం. ఈ ఏడాది సెలక్షన్ రోజు పొద్దున కూడా బౌరంపేట్ దగ్గరి మా కాలేజీ మైదానం గేటు ముందు ఆ వాసన గుప్పున కొట్టింది. ఒక తల్లి డిక్కీలోంచి షూస్ పెట్టె తీసి, మూత తీసి, పూజాసామగ్రి అందించినట్టు కూతురికి అందిస్తోంది. నేను ఆ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. ఫుట్‌బాల్ ఆడే అమ్మాయికి మా దగ్గర ఒకే ఒక్క ఉచిత సీటు ఉంది. చదువుకు ఫీజు ఉండదు, హాస్టల్‌కు ఉండదు. ఆ ఒక్క సీటుకు కార్లలో వచ్చినవాళ్ళు ఎంతమందో, బస్సు దిగి నడిచి వచ్చినవాళ్ళూ అంతమంది. యాభై దాటిన మనిషిని, ఎన్నో వాసనలు పీల్చాను. ఆ ఒక్క వాసనకు మాత్రం ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తాను.

"షూస్ విప్పి గేటు దగ్గర పెట్టండి. మొదటి అరగంట అందరూ ఉత్త కాళ్ళతోనే ఆడాలి" అన్నాను. ఆ తల్లి నా వైపు చూసి, "మేడం, ఇది సెలక్షనా, గుడా?" అంది. "మా టీచర్ పెట్టిన పద్ధతమ్మా" అన్నాను. "మా ఆద్య నాలుగేళ్ళు అకాడమీలో షూస్‌తోనే నేర్చుకుంది. కాలికి ఏమన్నా గుచ్చుకుంటే ఎవరు బాధ్యులు?" "పొద్దున్నే చీపురు పట్టి ఊడ్చింది నేనే. గుచ్చుకుంటే నన్నే తిట్టండి." ఆమె చేతిలో ఒక ఫైలు ఉంది. అందులో ఆద్య ఆడిన టోర్నమెంట్ల ఫోటోలు, సర్టిఫికెట్లు, పెన్‌డ్రైవ్‌లో వీడియో. నేను ఫైలు తీసుకోలేదు. తీసుకోనందుకు ఆమె మొహం ఎర్రబడింది. నాకు కాస్త సంతోషం కలిగింది. అలా కలగడం మంచి గుణం కాదు, తెలుసు.

గ్రేసమ్మ టీచర్‌ని మీరెవరూ చూసి ఉండరు. ఆమె పేరు ఏ పేపర్లోనూ రాలేదు. శామీర్‌పేటలో ఇంటర్ దాకా ఉన్న మా మిషన్ బడిలో డ్రిల్ టీచర్. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపుకుని, విజిల్‌ని పిన్నీసుతో జాకెట్టుకు తగిలించుకుని ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడించేది. ఎండాకాలం చెరువు నీళ్ళు వెనక్కి పోతే బయటపడే బురద నేల మా మైదానం. ఆమె ఊరు లాల్‌గడి మలక్‌పేట్. తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఆ సంగతి దాచేది కాదు, చాటేదీ కాదు. చర్చి గడప దగ్గర అందరూ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళినట్టే ఆటకు దిగే ముందు మేమూ విడవాలి. మొదటి రోజే నేను గొడవకు దిగాను. నాకేమో మా నాయిన సికింద్రాబాద్‌లో షూస్ కొనిపెట్టాడు.

"మరి మా నాయిన షూస్ ఎందుకు కొనిచ్చినట్టు టీచర్?"

"ఇంట్ల బెట్టి సూస్కో. మస్తుగ కనవడ్తయి."

"గిదేం న్యాయం? కొనుక్కునేటోళ్ళు తొడుక్కోవద్దా?"

"న్యాయం సంగతి తర్వాత జూద్దాం గని లొల్లీ, ముందుగాల కాళ్ళు జూడనియ్యి. షూస్ జూసి ఆట చెప్పే తెలివి నాకు లేదు."

అప్పట్నుంచి నా పేరు లలిత కాదు, లొల్లి. టీచర్ చూసిన కాళ్ళలో ఒక జత యాదమ్మవి. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల. పొద్దున్నే తల్లితో చేపల గంప మోసి బడికి వచ్చేది. బంతి ఆమె కాలికి తగిలితే బురదలో ఇరుక్కున్నట్టు అక్కడే ఆగేది. నేను ఎగిరెగిరి తన్నేదాన్ని, ఆమె నిలబెట్టి ఆడేది. ఆమె నాకన్నా బాగా ఆడేదా? ఈ ప్రశ్న దగ్గర నేను ముప్పై ఏళ్ళు వాదించుకున్నాను, ఎక్కువగా నాతోనే. ఆడేది. అంతే.

ఇంటర్ అయిపోయే ముందు నగరంలోని ఒక ఆడపిల్లల కాలేజీ నుంచి కబురు వచ్చింది. ఫుట్‌బాల్‌కు ఒక సీటు, ఫీజు లేకుండా, హాస్టల్‌తో. మా బడి నుంచి ఇద్దరిని పంపవచ్చు. టీచర్ నన్నూ యాదమ్మనూ పంపుతానంది. వాళ్ళు పంపిన కాగితంలో ఒక షరతు ఉంది, షూస్ లేకుండా దిగనివ్వరు. టీచర్ నన్ను పక్కకు పిలిచి, "లొల్లీ, మీ ఇద్దరి కాళ్ళు ఒక్కతీరుగున్నయి. నీ పాత జత యాదమ్మకియ్యి. పాతవే. ఇయ్యాల్నే ఇయ్యి, నాలుగు దినాలు తొడుక్కొని తిరుగుతది" అంది. సరేనన్నాను.

సెలక్షన్ కోసం మా నాయిన అప్పటికే నాకు ఇంకో కొత్త జత కొనిపెట్టాడు. ఇంటికి వెళ్ళి పాత జత చూశాను. ఇంటి దగ్గర తొడుక్కుని ఆడి ఆడి ముందు భాగం అరిగి వెలిసిపోయి ఉంది. కీసర రోడ్డు మీద మాకు అప్పుడు భూములున్నాయి, పేరుంది. మా ఇంటి నుంచి ఇలాంటి జతనా వెళ్ళేది అనిపించింది. కొత్త పెట్టె ఇవ్వాలి, అందరి ముందూ ఇవ్వాలి అనుకున్నాను. నాలుగు రోజులు ఇవ్వకుండా ఉండి, సెలక్షన్ రోజు తెల్లవారుజామున బస్టాపులో అందరూ చూస్తుండగా కొత్త పెట్టె యాదమ్మ చేతిలో పెట్టాను. నేను తొడుక్కున్నది పాత జత. యాదమ్మ పెట్టె మూత తీసి వాసన చూసి నవ్వింది. టీచర్ నవ్వలేదు.

"పాతయి ఏవి?"

"పాతయి మంచిగ లెవ్వు టీచర్. కొత్తయే ఇద్దామని..."

"నిన్నెవరడిగిండ్రు కొత్తయి?"

బస్సెక్కింది మొదలు సికింద్రాబాద్ దాకా టీచర్ ఆ షూస్‌ని ఒళ్ళో పెట్టుకుని వెనక మడమ తోలును రెండు బొటనవేళ్ళతో నలుపుతూనే ఉంది. తల నుంచి కొబ్బరినూనె వేళ్ళకు రాసుకోవడం, తోలుకు పట్టించడం, వంచడం, మళ్ళీ నలపడం. బస్సులో జనం చూస్తున్నారు. ఎవరో పెద్దాయన, "ఏందమ్మా, బస్సులనే దుక్నం బెట్టినవా?" అన్నాడు. "అవ్ బాపూ, నీ చెప్పు తెగితే ఇయ్యి, కుడ్త" అంది తల ఎత్తకుండా. బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి ఆమె ఎవరో నాకు తెలియనట్టు కూర్చున్నాను. ఆమె చేతులు ఏం చేస్తున్నాయో నాకు ఆ రోజు అర్థం కాలేదని చాలా కాలం చెప్పుకున్నాను.

ఆ కాలేజీ మైదానంలో ఒక బల్ల వెనక ఇద్దరు సార్లు కూర్చున్నారు. మా నాయిన జీపులో ముందే వచ్చాడు. ఆయనకు కుర్చీ వేశారు. నన్ను ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడిగి, జవాబు విని తలూపారు. యాదమ్మను మాత్రం ఇంటి పేరు అడిగారు, కులం అడిగారు, "మీ నాయిన ఏం జేస్తడు?" అన్నారు. "చాపలు వడ్తడు సార్." "ఈడ పాఠాలు ఇంగ్లీష్‌ల జెప్తరు. సమజైతదా? హాస్టల్ల మంచిగుంటవా, వారానికే ఇంటికి ఉర్కుతవా?" నా ఇంగ్లీషూ ఆమె ఇంగ్లీషూ ఒకే టీచర్ దగ్గర, ఒకే అరకొరగా నేర్చుకున్నవి. నన్ను ఎవరూ అడగలేదు.

మొదటి పది నిమిషాలు యాదమ్మ నన్ను రెండుసార్లు దాటి వెళ్ళింది. ఆ తర్వాత ఆమె పరుగు మారింది. ముందు కుడి కాలు ఈడ్చింది, తర్వాత రెండూ. "సార్, ఇడిచి ఆడనా?" అని అరిచింది. "షూస్ లేనోళ్ళు బయటికి నడువుండ్రి" అన్నారు. ఆమె బయటికి నడవలేదు. చివరిదాకా ఆ కాళ్ళతోనే ఆడింది. తెల్ల సాక్సు మడమ దగ్గర ఎర్రబడింది. నేను రెండు గోల్స్ కొట్టాను. సీటు నాకు వచ్చింది.

మూడో రోజు సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చింది. ఎన్నడూ రాని మనిషి. మా అవ్వ గోడవార పీట వేసింది, టీ మాత్రం వాకిట్లో పనివాళ్ళకు ఇచ్చే గ్లాసులో ఇచ్చింది. టీచర్ గ్లాసును ఒకసారి చూసి, టీ తాగి, నేరుగా మా నాయినతో మాట్లాడింది.

"పటేలా, లలితను మీరు పైసలు గట్టి అదే కాలేజీల చేర్పియ్యొచ్చు. సీటు ఇడిస్తే యాదమ్మకొస్తది. రెండో పేరు ఆమెదే."

మా నాయిన నవ్వాడు. "పైసలదేమున్నది టీచరమ్మా, కట్టలేకనా? పైసలు గట్టి చేర్పిస్తే ఎవడన్న మెచ్చుకుంటడా? నా బిడ్డ ఉత్తగ తెచ్చుకున్నదంటే ఇజ్జత్. ఊరంత చెప్పిన."

ఆ మాట గుర్తుంచుకోండి. ఉచిత సీటు లేనివాళ్ళ కోసమే అనుకుంటాం. ఉన్నవాళ్ళకు అది మెడలో వేసుకునే దండ. ఇవాళ డిక్కీలోంచి ఫైళ్ళు మోసుకొచ్చే తల్లిదండ్రుల్లో నాకు మా నాయినే కనిపిస్తాడు. చెడ్డవాడు కాదు. దండకు ముచ్చటపడ్డాడు, అంతే.

టీచర్ నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు లొల్లీ."

"నేను ఆడి గెలిచిన. నేనెందుకు ఇడువాలె?"

"గెలిచినవ్. లేదన్ననా? ఆ సీటు లేకపోతే నువ్వు ఏం పోగొట్టుకుంటవో ఒక్కటి జెప్పు, నేను లేచిపోత."

మనసులో వెతికాను. ఒక్కటి కూడా దొరకలేదు. అయినా ఇవ్వలేదు. జవాబు లేకపోయినా సీటు పట్టుకుని కూర్చోవచ్చని నేర్చుకున్నాను. టీచర్ లేచి, తన గ్లాసు తనే కడిగి అరుగు మీద బోర్లించి వెళ్ళిపోయింది.

యాదమ్మ షూస్ తిరిగి తెచ్చిచ్చింది. కడిగి, ఆరబెట్టి, ఆకారం చెడకుండా లోపల కాగితం కుక్కి, అదే పెట్టెలో పెట్టి. "మంచిగున్నయి లలితా. నా కాళ్ళదే తప్పు" అంది. మడమలకు పసుపు రాసి గుడ్డ కట్టుకుని ఉంది. మరుసటి ఏడు ఆమె చదువు ఆగిపోయింది. ఇప్పుడు శామీర్‌పేట రోడ్డు మీద చేపలు అమ్ముతుంది, నేను వెళ్తే మంచి ముక్క చూసి ఇస్తుంది. ఇన్నేళ్ళలో మేము ఆ షూస్ మాట ఎత్తలేదు.

టీచర్‌కు మాత్రం చెప్పాను. ఉద్యోగంలో చేరాక, రిటైరై లాల్‌గడి మలక్‌పేట్‌లో ఉంటున్న ఆమె దగ్గరికి వెళ్ళాను. ఇంటి చుట్టూ పొలాల్లో ప్లాట్ల హద్దురాళ్ళు పాతారు. ఆమె చూపు తగ్గింది, నాలుక తగ్గలేదు. "టీచర్, ఆ షూస్ కొన్నప్పుడే దుకాణం ఆయన నాకు చెప్పిండు. పది దినాలు ఇంట్ల తిరుగు, రెండు జతల సాక్సులు వేస్కో, లేకుంటే మడమ కరుస్తదని. నేను యాదమ్మకు చెప్పలే" అన్నాను. ఆమె మొహం నా వైపు తిప్పింది.

"కావాల్ననే చెప్పలేదా?"

"తెల్వది టీచర్. మతికి రాలేదా, రానియ్యలేదా... నాకే తెల్వది."

"నాది గూడ తప్పే. చెప్పులు కుట్టినోని బిడ్డను. నాలుగు దినాల ముందే పాత జత నా చేతులతోని తెచ్చి తొడగాలె. నీ మీద ఇడిచిపెట్టిన." కాస్త ఆగి, "గని నాకు జెప్తే ఏమొస్తది లొల్లీ? కరిచింది నా మడమను గాదు" అంది.

క్షమించాననలేదు. తిట్టలేదు. గడప దాకా వచ్చి సాగనంపింది. రెండేళ్ళ క్రితం ఆమె పోయింది. చర్చి గడప బయట వరసగా విడిచిన చెప్పుల మధ్య నా చెప్పులు పెట్టి లోపలికి వెళ్ళాను. యాదమ్మ నా పక్కనే కూర్చుంది. అప్పుడూ ఆమెకు ఆ మాట చెప్పలేదు.

సెలక్షన్ సంగతికి వస్తాను. ఉత్త కాళ్ళతో అరగంట ఆడాక అందరిలో బాగా ఆడింది ఆద్యే. అవును, ఆ కారులో వచ్చిన పిల్లే. పేదపిల్లలే ఎప్పుడూ గెలుస్తారని మీకు కథ చెప్పడానికి నేను కూర్చోలేదు. రెండో స్థానంలో నిలిచింది మౌనిక, కూలికి పోయే ఇంటి పిల్ల, షూస్ లేనివాళ్ళ కోసం నా గదిలో ఉంచే పాత షూస్ పెట్టెలోంచి తన సైజు జత తీసుకుని మిగతా ఆట ఆడింది. నేను ఆద్యను పిలిచి, తల్లి ఎదుటే అడిగాను. "ఈ సీటు లేకపోతే నువ్వు ఏం పోగొట్టుకుంటావు?"

తల్లి అందుకుంది. "అదేం ప్రశ్న మేడం? మా అమ్మాయే కదా బాగా ఆడింది?"

"ఆడింది."

"మరి?"

నేను ఆద్యనే చూస్తున్నాను. ఆ పిల్ల ఆలోచించింది. తల్లి చేతిలోని ఫైలు వైపు చూసింది. ఆ వెతుకులాట నాకు తెలుసు. చివరికి, "ఫీజు కట్టి చేరితే టీమ్‌లో ఆడనిస్తారా మేడం?" అంది. "మొదటి పేరు నీదే రాస్తా" అన్నాను. ఉచిత సీటు ఎదుట మౌనిక పేరు రాశాను. తల్లి ప్రిన్సిపల్‌కు ఫిర్యాదు చేస్తానంది. చెయ్యమన్నాను. చేసింది కూడా, నేను జవాబు రాస్తున్నాను. నేను చేసింది న్యాయమేనా? ఆ పిల్ల కాళ్ళతో గెలిచినదాన్ని నేను కలంతో మార్చాను. పదిహేడేళ్ళ నేను ఇప్పుడు ఎదుట నిలబడితే నాతో పోట్లాడుతుంది, ఆ పోట్లాటలో నేను పూర్తిగా గెలవను.

ఆద్య గేటు దగ్గర కూర్చుని ఆ కొత్త షూస్ తొడుక్కోవడం మొదలుపెట్టింది. తల్లి కారు స్టార్ట్ చేసింది. నేను మైదానం మధ్య నుంచి గొంతు చించుకుని అరిచాను.

"ఆద్యా! పది రోజులు ఇంట్లో తిరుగు. రెండు జతల సాక్సులు వేసుకో. మడమ కరుస్తుంది!"

ఆ పిల్ల తల ఊపింది. ఎంత చిన్న మాట, నాకు చెప్పడానికి ఎన్నేళ్ళు పట్టింది?