జనానా డబ్బాలో ఈశ్వరమ్మ

తాండూరులో ఏ ఆడమనిషి పట్నం పోవాలన్నా ఈశ్వరమ్మనే తోడు పిలిచేది. కానీ 1957 దాకా ఆమె రైలెక్కిందే లేదు.

ఆ ఏడు తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది బిడ్డ ఇంద్రమ్మ. కాన్పు కష్టమని డాక్టరు చెప్పడంతో అల్లుడు ఆమెను పొద్దుటి బండిలో పట్నంలోని కాన్పుల దవాఖానా, జచ్చాఖానాకు తీసుకుపోయాడు. ఆ తొందరలో పాతచీర గుడ్డలు ఇంట్లోనే ఉండిపోయాయి. పుట్టిన పిల్లను ముందు అమ్మమ్మ కట్టి విడిచిన చీరలోనే చుట్టాలి, కొత్తబట్ట తగలకూడదు. ఆ గుడ్డల మూట చంకన పెట్టుకొని ఈశ్వరమ్మ, భర్త చంద్రప్ప వెంట తర్వాతి బండెక్కింది.

ఆమెను ఆడవాళ్ళ జనానా డబ్బాలో కూర్చోబెట్టి, తాను మగవాళ్ళ డబ్బాకు పోతూ చంద్రప్ప గట్టిగా చెప్పాడు: "నాంపల్లిల నేనొచ్చేదాంక కదలకు. దారి తప్పి ఆగమైతవ్."

వికారాబాదులో ఇంజను నీళ్ళు పట్టుకుంటుంటే, చాయ్‌కి దిగిన మొగుణ్ణి కిటికీలోంచి చూసింది. తర్వాత కనబడలేదు.

నాంపల్లి వచ్చింది. డబ్బా ఖాళీ అయింది. ఈశ్వరమ్మ కదల్లేదు. ఊడ్చే ఆమె వచ్చి చీపురు ఆపింది.

"ఏందమ్మా, దిగవా? బండి యార్డుకు పోతది."

"మా ఇంటాయన కదలొద్దన్నడు."

"ఇంటాయన ఏడున్నడో! ఇంతకూ ఎటు పోవాలె?"

"జచ్చాఖానాకు. నా బిడ్డ కాన్పుకున్నది."

"మరి పిల్ల పుట్టుడు మీ ఆయన కోసం ఆగుతదా?"

ఆ మాటతో ఈశ్వరమ్మ లేచింది. గేటు దగ్గర టికెట్ అడిగారు. టికెట్లు రెండూ చంద్రప్ప జేబులోనే ఉన్నాయి. చంకలోని మూట విప్పింది.

"టికెట్ లేదు సారూ. గివే ఉన్నయి."

మెత్తబడ్డ చీరముక్కలు చూసి ఆ ముసలి టికెట్ కలెక్టరు నవ్వాడు. "అమ్మమ్మవా? పో, జల్ది పో." రిక్షావాణ్ణి కూడా ఆయనే కేకేశాడు.

పొద్దుగూకకముందే మనవరాలు పుట్టింది. ఈశ్వరమ్మ చీరలోనే చుట్టారు.

చంద్రప్ప మర్నాడు వచ్చాడు, మొహం వేలాడేసుకొని. వికారాబాదులో సీటు మీద తువ్వాల వేసి దిగాడట. తిరిగొచ్చేసరికి పక్క బండిలో అచ్చం అట్లాంటి తువ్వాలే కనబడితే, తనదేననుకొని దర్జాగా వెళ్ళి కూర్చున్నాడట. అది బీదరు పోయే బండి.

"నా తువ్వాలే అనుకున్ననే..." అన్నాడు.

ఈశ్వరమ్మ వరండాలో బల్ల చూపించింది. "గాడ కూసో. బిడ్డకు గంజి తాపొస్త. నేనొచ్చేదాంక కదలకు. ఆగమైతవ్."